గవర్నరుగారి తాతగారి బుట్ట

సాలింబాయ్ ప్రావిన్సుకి సొంత టీవీ సీరియల్ ఒకటి ఉండి తీరాలని గవర్నర్ క్రిసాంతో మగ్దిరిలాగారు స్వాతంత్ర్య దినమైన జూన్ పన్నెండో తేదీన, జెండా ఎగరేశాక, పాన్సిత్ నూడుల్సు పొట్లాలు పంచకముందు ప్రకటించారు. పంచాక ప్రకటిస్తే వినడానికి ఎవరూ మిగలరని పదిహేనేళ్ళ ప్రజాసేవ ఆయనకి నేర్పింది.

"జపాన్ సైన్యం మనల్ని ఏలిన యుద్ధం రోజుల్లో మన గడ్డ మీద తిరిగిన రహస్య ఏజెంట్ల గాథ ఇది," అన్నారు మైకులో. "యాభై రెండు వారాలు. పేరు 'మౌన సింహాలు'. మొదటి సింహం మా తాతగారు డాన్ ఎవరిస్తో మగ్దిరిలా. ఆయన ఎంత రహస్య ఏజెంటంటే, ఆ సంగతి జపాన్ వాళ్ళకి తెలీదు. అమెరికన్లకి తెలీదు. మా నాయనమ్మకి తెలీదు. నాకూ మొన్న ఏప్రిల్లోనే తెలిసింది."

జనం పొట్లాల వైపు చూస్తూ చప్పట్లు కొట్టారు. ఆ సీరియల్ అయిదో వారంతోనే ఆగిపోయిన మాట నిజం. అయితే అది అనుకున్న లక్ష్యాన్ని నలభై ఏడు వారాల ముందుగానే సాధించడం వల్ల ఆగిందని తర్వాత వచ్చిన ప్రకటనలో స్పష్టంగా ఉంది. ప్రభుత్వ ప్రకటనని శంకించే అలవాటు సాలింబాయ్‌లో ఎవరికీ లేదు.

రాసే పని సమాచార శాఖలో ఉన్న లిగాయా మన్లపిగ్ మీద పడింది. అప్పటిదాకా ఆమె సాహిత్యమంతా గవర్నరుగారి ఫొటో పక్కన, టార్పాలిన్ బ్యానర్ల మీదే అచ్చయింది. కొత్త వంతెన మీద "దాటండి, నేనున్నాను, మీ గవ్ తోతోయ్" అన్నదీ, శ్మశానం గేటు మీద "విశ్రాంతి తీసుకోండి, నేనున్నాను, మీ గవ్ తోతోయ్" అన్నదీ ఆమె రాసినవే. తోతోయ్ అనేది గవర్నరుగారి ముద్దుపేరు. అరవై రెండేళ్ళ మనిషిని చంటిపిల్లాడి పేరుతో పిలుచుకోవడంలో ఉన్న ఆప్యాయత ఆ ప్రావిన్సు ప్రజలకే తెలుసు.

కొత్త పని లిగాయాకి బరువుగా అనిపించలేదు సరికదా, ఎగిరి గంతేసినంత పని చేసింది. దానికి కారణం ఆమె అమ్మమ్మ. ఊరంతా లోలా పాసింగ్, అంటే పాసింగ్ అమ్మమ్మ, అని పిలిచే ఆ ముసలావిడకి తొంభై అయిదేళ్ళు. యుద్ధంలో నిజంగా వార్తలు మోసినవాళ్ళలో ప్రాణాలతో మిగిలింది ఆవిడొక్కతే. పదిహేనేళ్ళ పాసింగూ, పదిహేడేళ్ళ ఫెలిసితాసూ కలిసి అరిటాకుల్లో చుట్టిన సుమన్ అన్నం ముద్దలు వంతెన దగ్గర జపాన్ సైనికులకి అమ్మేవారు. కొన్ని ముద్దల్లో అన్నంతోపాటు చీటీలుండేవి. అవి వంతెన దాటి కొండల్లోని గెరిల్లాలకి చేరేవి.

"ఏవే, నీ సీరియల్లో ఫెలిసితాస్ పేరుంటుందా?" అని అడిగింది లోలా ఆ సాయంత్రం.

"పెద్ద పాత్రే పెడతాను లోలా."

"పెద్దదీ వద్దు, చిన్నదీ వద్దు. పేరు ఒక్కసారి పైకి అనిపించు చాలు. ఊరంతా వినాలి. దానికి సమాధి లేదు, పిల్లల్లేరు. నేను కూడా పోతే ఆ పేరు తెలిసిన మనిషే ఉండదు."

"అనిపిస్తాను."

"అనిపిస్తాననడం కాదే. ఒట్టు పెట్టు."

లిగాయా ఒట్టు పెట్టింది. సర్కారు ఉద్యోగంలో ఉండి ఎవరికీ ఒట్టు పెట్టకూడదని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

మొదటి అడ్డంకి అటార్నీ పెర్ఫెక్తో. ఆయన గవర్నరుగారి లాయరు. జూన్ పదమూడు నుంచి ప్రావిన్సు ప్రధాన చరిత్రకారుడు కూడా.

"ఎవరమ్మా ఈ ఫెలిసితాస్ బరామేదా?" అన్నాడు మొదటి స్క్రిప్టు తిరగేస్తూ.

"వార్తలు మోసిన పిల్లండీ. ఊరి మధ్య ప్లాజా మైదానంలో పట్టుకుని చంపేశారు."

"ఆధారం?"

"చర్చి రిజిస్టర్లో ఉందండీ, నలభై నాలుగు నవంబర్లో. గెరిల్లాల జాబితాలో కూడా పేరుంది."

అటార్నీ జాలిగా నవ్వాడు. "జాబితాలో పేరుంటే ఇంకేం రహస్యం తల్లీ? డాన్ ఎవరిస్తో కోసం నేను మూడు జాబితాలు గాలించాను. ఎందులోనూ లేడు. అదీ ఏజెంటంటే."

ఆయన ఇంకో పేజీ తిప్పాడు.

"పోనీ, ఆవిడ తాలూకు వాళ్ళెవరన్నా ఉన్నారా?"

"లేరండీ. పదిహేడేళ్ళకే పోయింది."

"అయితే ప్రివ్యూకి ఎవరొస్తారు? బస్సు ఎవరింటికి పంపించమంటావు?" అని ఆయన ఎర్ర పెన్ను తీసి, ఆ పేరు కొట్టేసి, దాని మీద 'గ్రామ యువతి' అని రాశాడు. రెండో వారానికి ఆ గ్రామ యువతి ఒక మేయరుగారి నాయనమ్మ అయింది.

జాబితాలో లేకపోవడమే సాక్ష్యమన్న అటార్నీగారి సూత్రం ప్రావిన్సు అంతటా దావానలంలా పాకింది. ఏ జాబితాలోనూ లేని తాత ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. మేయర్లు తమ తమ తాతల ఫొటోలు పట్టుకుని సమాచార శాఖ మెట్ల మీద బారులు తీరారు. ఒకాయన తాత యుద్ధం నాలుగేళ్ళూ మనీలాలో పిన్నిగారింట్లో ఉన్నాడు. సొంత ఊళ్ళో ఎవరికీ కనబడలేదు కాబట్టి ఆయనకి సీనియర్ ఏజెంటు హోదా ఇచ్చారు.

మూడో ఎపిసోడ్‌కి సీరియల్లో పందొమ్మిది మంది రహస్య ఏజెంట్లు తయారయ్యారు. ద్రోహి మాత్రం ఒక్కడూ లేడు. ద్రోహి పాత్రకి ఏ ఇంటిపేరు పెట్టినా ఆ ఇంటిపేరున్న ఓటర్లు ఎక్కడో ఒకచోట తేలుతున్నారు. జపాన్ కెప్టెన్ వేషం పళ్ళ డాక్టరుకి దక్కింది. ఊళ్ళో పొడుగు బూట్లు ఆయనకే ఉన్నాయి. ఆయన పాపం తన పేషెంట్ల మీద అరవలేక, ప్రతి ఏజెంటునీ "దయచేసి కూర్చోండి" అనేవాడు. ఎవరి నుంచి రహస్యాలు దాచాలో తెలియక ఏజెంట్లు ఒకరి నుంచి ఒకరు దాచుకున్నారు. మనీలా నుంచి వచ్చిన దర్శకుడు నందింగ్ అంతకుముందు షాంపూ ప్రకటనలు తీసినవాడు. ఆయన తల ప్రాణం తోకకి వచ్చింది.

"గవ్, కథలో ప్రమాదం అనేది ఎక్కడా లేదండీ," అన్నాడు నాలుగో వారం, ఏడుపు గొంతుతో. "జనం చూడట్లేదు."

గవర్నరుగారు చిరునవ్వు నవ్వి, డ్రైవరుని పిలిచి, ఇంటి నుంచి ఒక వస్తువు తెప్పించారు. ఎర్ర పట్టుగుడ్డలో చుట్టి ఉంది. ఆయనే స్వయంగా విప్పారు.

అది తాటాకు బుట్ట. సంతకి పట్టుకెళ్ళేలాంటిదే. కాకపోతే ఒక పక్క, కళ్ళ ఎత్తుకి సరిపోయేలా, రెండు కన్నాలు కోసి ఉన్నాయి.

"మా తాతగారి ఆయుధం," అన్నారు గవర్నరుగారు. "ఇది తలకి తగిలించుకుంటే శత్రువు మనల్ని గుర్తుపట్టలేడు. మనకి మాత్రం అంతా కనబడుతుంది. మా నాయనమ్మ బీరువా అడుగున దాచింది. చిన్నప్పుడు ఇదేంటని అడిగితే చెంప ఛెళ్ళుమనిపించింది. ఆవిడకేమీ తెలియకపోయినా రహస్యం అంత జాగ్రత్తగా కాపాడింది."

నందింగ్ కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాటికల్లా గవర్నరుగారి కార్యాలయం, కాపిటోల్ భవనం వరండాలో గాజు పెట్టె వెలిసింది. చర్చి ఫాదర్‌గారు వచ్చి బుట్ట మీద పవిత్రజలం చల్లి వెళ్ళారు. బడిపిల్లలు దాన్ని చూడటానికి జీప్నీ బస్సుల్లో వచ్చి, "పెద్దయ్యాక మేమూ బుట్ట పెట్టుకుంటాం" అని పుస్తకంలో అభిప్రాయాలు రాశారు. అయిదో ఎపిసోడ్ పేరు 'బుట్టవీరుడు' అని నిర్ణయమైంది. డాన్ ఎవరిస్తో పాత్ర గవర్నరుగారే వేస్తారు.

లిగాయా బుట్టని ఫోన్లో ఫొటో తీసి ఇంటికి పట్టుకెళ్ళింది. లోలా వంటగదిలో వెల్లుల్లి ఒలుస్తోంది.

"చూడు లోలా, గవర్నరు తాత ఇది తలకి పెట్టుకుని తిరిగేవాట్ట."

లోలా ఫోను దగ్గరికి తీసుకుని చూసింది. మళ్ళీ చూసింది. ఒలిచిన వెల్లుల్లి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"ఏ ఇంట్లో ఉంది ఇది?"

"మగ్దిరిలా వాళ్ళింట్లో."

"నవంబర్లో జపాన్ వాళ్ళు మమ్మల్నందర్నీ ప్లాజాలో వరసగా నిలబెట్టారు," అంది లోలా. "ఆడా మగా, పిల్లా జెల్లా. లారీ వచ్చింది. అందులోంచి బుట్టలు పెట్టుకున్నవాళ్ళు దిగారు. మా ఊరివాళ్ళే. మొహం కనబడకూడదని బుట్ట. ఒక్కొక్కళ్ళ ముందే ఆగి చూసుకుంటూ వచ్చారు. మాట్లాడేవాళ్ళు కాదు, గొంతు గుర్తుపడతామని. తల ఊపారంటే ఆ మనిషి పనైపోయినట్టే. నా ముందు ఆగిన బుట్ట నన్ను దాటి వెళ్ళిపోయింది. నా చెయ్యి ఫెలిసితాస్ చేతిలో ఉంది. దాని ముందు ఆగి తల ఊపాడు."

లిగాయా ఫోను అందుకుని, తిరగేసి బల్ల మీద పెట్టింది.

"యుద్ధం అయ్యాక అడగని ఇల్లు లేదు. ఆ బుట్టల్లో ఎవరని. ఎవరూ చెప్పలా. అప్పటికే ఊళ్ళో అందరూ గెరిల్లాలే."

ఆ వారమంతా లిగాయా ఇంట్లో అన్నం సరిగ్గా తినలేదు. వెళ్ళి నిజం చెప్పేస్తే ఉద్యోగం పోతుంది, అది సరే. సీరియల్ ఆగిపోతుంది, అదీ సరే. ఫెలిసితాస్ పేరు మాత్రం ఎప్పటికీ ఎవరి నోటా రాదు. ఆమెకి కోపం వచ్చింది. గవర్నరు మీద, అటార్నీ మీద, తను రాసిన ప్రతి టార్పాలిన్ మీదా వచ్చింది. ఆ కోపంలో కూర్చుని, లోలా చెప్పింది చెప్పినట్టు, పూసగుచ్చినట్టు రాసి పారేసింది. లారీ, వరస, బుట్ట, తల ఊపడం. ఒక్క ముక్క కూడా కల్పించలేదు.

అటార్నీ పెర్ఫెక్తో ప్రతి పేజీలోనూ గవర్నరుగారు ఉన్నారో లేదో లెక్కపెట్టి, ఉన్నారని సంతోషించి, సంతకం పెట్టాడు. చిక్కల్లా గవర్నరుగారి దగ్గరే వచ్చింది.

"అంతా బాగుందమ్మాయ్. కానీ నేను మాట్లాడకుండా తల మాత్రం ఊపుతానా? పది నిమిషాలు నేను తెర మీద ఉండి మాట్లాడకపోతే నాకు పక్షవాతం వచ్చిందనుకోరూ?"

"ఒక్క డైలాగు పెట్టమంటారా గవ్?" అంది లిగాయా నెమ్మదిగా.

"గట్టిది పెట్టు. ప్లాజా దద్దరిల్లాలి."

లిగాయా అక్కడికక్కడే రాసి ఇచ్చింది. గవర్నరుగారు పైకి చదివారు. "ఈమె ఫెలిసితాస్ బరామేదా. కొండల్లోకి వార్తలు మోసేది ఈమే." చదివి, కాగితం దించారు. "ఈవిడెవరు?"

"పేదపిల్లండీ. అంతమంది వరసలో నిలబడితే మీ తాతగారు ఆమె ఒక్కదాన్నే చూపించారు. అంతకుముందు ఆమె సంగతి ఎవరికీ తెలీదు."

గవర్నరుగారి మొహం విప్పారింది. "చూశావా అటార్నీ? పేదల్ని వెలుగులోకి తేవడం మా వంశంలోనే ఉంది. ఆ పేరు ఉంచండి. మూడుసార్లు అంటాను."

"ఆ పేరు జాబితాలో..." అని అటార్నీ నీళ్ళు నమిలాడు.

"మా తాతగారు చెప్పాకే కదయ్యా జాబితాలోకెక్కింది," అన్నారు గవర్నరుగారు. ఆ ఒక్క విషయంలో ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

షూటింగు శనివారం మధ్యాహ్నం ప్లాజాలోనే జరిగింది. వరసలో నిలబడటానికి ఊళ్ళో ముసలివాళ్ళందర్నీ రమ్మన్నారు. మనిషికో పాన్సిత్ పొట్లం, గవర్నరు బొమ్మ ఉన్న టోపీ ఇచ్చారు. లోలా పాసింగ్ కోసం టెంటు కింద కుర్చీ వేశారు. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. కర్ర పొడుచుకుంటూ వెళ్ళి, ఫెలిసితాస్ వేషం వేసిన కాలేజీ పిల్ల పక్కన నిలబడి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"లోలా, మీరు స్క్రిప్టులో లేరండీ," అన్నాడు నందింగ్.

"ఉన్నాను నాయనా. నీకు తెలీదు."

లారీ వచ్చి ఆగింది. అభిమానులు వేసిన మల్లెదండ మెళ్ళో, బుట్ట తల మీద, గవర్నరుగారు దిగారు. అంతవరకూ పొట్లాల గురించి పోట్లాడుకుంటున్న ముసలివాళ్ళు కిక్కురుమనకుండా అయిపోయారు. ఎవరూ చెప్పకుండానే అందరూ తలలు దించుకున్నారు. ఒక ముసలాయన టోపీ తీసి దానితో మొహం కప్పుకున్నాడు. ఇద్దరు ముసలమ్మలు జపమాల తీసి పెదాలు కదుపుతున్నారు.

"ఏం నటన, ఏం నటన," అని నందింగ్ కెమెరా వెనక గుసగుసలాడాడు. "మనీలాలో వెతికినా దొరకరు వీళ్ళు."

బుట్ట ఒక్కొక్కరి ముందూ ఆగుతూ వచ్చింది. లోలా ముందు ఆగింది. లోలా తల దించుకోలేదు. ఆ రెండు కన్నాల్లోకీ చూస్తూ నిలబడింది. బుట్ట పక్కకి జరిగింది.

"ఈమె ఫెలిసితాస్ బరామేదా," అని ప్లాజా దద్దరిల్లేలా అరిచారు గవర్నరుగారు. బుట్టలో గొంతు మార్మోగింది. తనకే ముచ్చటేసి మళ్ళీ అన్నారు. వేలు పెట్టి చూపిస్తూ మరోసారి అన్నారు. తొమ్మిది టేకులు తీశారు. ప్రతి టేకుకీ పేరు ఇంకా ఇంకా స్పష్టంగా పలికారు. లోలా చెయ్యి పట్టుకున్న పిల్ల, ఎందుకో తెలియకుండానే, ఏడవడం మొదలుపెట్టింది.

ఆదివారం ఏడుగంటలకి ఎపిసోడ్ వచ్చింది. లోలా టీవీ దగ్గరికి కుర్చీ జరిపించుకుంది. మూడుసార్లూ విని, కట్టేయమంది. లిగాయా పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అన్నాడు," అంది లోలా. "ఎనభై ఏళ్ళకి, ఆ ఇంట్లోంచి ఒకడు నోరు తెరిచి అన్నాడు."

సోమవారం పొద్దున ఒక రిటైర్డు చరిత్ర టీచరుగారి దగ్గర్నుంచి గవర్నరుగారికి ఉత్తరం వచ్చింది. రెండే రెండు వాక్యాలని గుమస్తాలు అనుకున్నారు. చదివాక గవర్నరుగారు తలుపేసుకుని, మధ్యాహ్నం భోజనానికి కూడా బయటికి రాలేదు. ఆయన భోజనం మానేయడం పదిహేనేళ్ళలో అదే మొదటిసారి. సాయంత్రానికి 'మౌన సింహాలు' లక్ష్యం సాధించిందన్న ప్రకటన వెలువడింది. గాజు పెట్టెలో బుట్టకి చెదలు మందు కొట్టించాలని తీసుకెళ్ళారు. పెట్టెలో దాని బదులు గవర్నరుగారి ఫొటో పెట్టారు.

అసలు సంగతేమిటో మేయర్లకి మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్ళు చూసిందల్లా గవర్నరు తాతకి బుట్టా, పది నిమిషాలూ, ప్లాజా నిండా జనమూ దక్కడం. వాళ్ళ తాతలు ఏం తక్కువ తిన్నారు? బుధవారం నుంచి సమాచార శాఖకి అఫిడవిట్లు రావడం మొదలైంది. నోటరీ ముద్రలతో, సాక్షి సంతకాలతో, తాతల ఫొటోలతో వచ్చాయి. "మా తాతగారు నిత్యమూ బుట్ట ధరించెడివారు" అని ఒకరు. "మా తాతగారి బుట్ట గవర్నరుగారి తాతగారి బుట్టకన్నా పెద్దది" అని ఒకరు. "నవంబరు నెలలో సదరు లారీలో ముందు సీటు మా తాతగారిదే" అని ప్రమాణపూర్వకంగా ఇంకొకరు.

అటార్నీ పెర్ఫెక్తో ఆ కట్ట తెచ్చి లిగాయా బల్ల మీద పడేశాడు. రెండు రోజుల్లో పదేళ్ళు పైబడ్డట్టున్నాడు.

"వీటిని ఏదో ఒకటి చెయ్యమ్మాయ్."

"వాళ్ళకి చెప్పేయొచ్చు కదండీ, వద్దని?"

"ఎందుకు వద్దో కూడా చెప్పాలి కదా," అని ఆయన నుదురు తుడుచుకున్నాడు. "చెప్తే గవ్ పరువు పోతుంది. చెప్పకపోతే ఇవి వస్తూనే ఉంటాయి. పదకొండొచ్చాయి ఇప్పటికి. నా కంట పడకుండా ఎక్కడికన్నా తీసుకుపో."

లిగాయా వాటిని సంచీలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. లోలా కళ్ళజోడు తెప్పించుకుని, కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని, ఒక్కొక్కటే చదివింది. ప్రతి ఇంటిపేరునీ పైకి చదివి, ఫొటో దగ్గరగా పెట్టుకుని చూసి, పక్కన పెట్టింది. చదివేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది.

"అప్పుడు కాళ్ళావేళ్ళా పడ్డా ఎవరూ చెప్పలా," అంది. "ఇప్పుడు ముద్ర కూడా వేయించి ఇచ్చారు."

"ఇక నీకు తెలిసిపోయినట్టే కదా లోలా, అందరూ ఎవరో."

లోలా కాగితాలన్నీ కలిపి, అంచులు సరిచేసి, మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది.

"గవర్నరు తాత కాకుండా ఆ రోజు లారీలోంచి దిగింది నలుగురే," అంది. "తక్కిన ఏడుగురూ ఎవరో, పాపం."